పది మీటర్ల లెక్క

చలనం నాకు చీటీల్లో వచ్చింది.

పదో తరగతి భౌతికశాస్త్రానికి కొత్త ప్రణాళిక తయారుచేయమని ఆ వేసవి సెలవుల్లో నలుగురు టీచర్లను ఒక బడిలో కూర్చోబెట్టారు. గడువు ఐదు వారాలు. ఏడాదికి తొంభై పీరియడ్లు. ఏ పాఠానికి ఎన్ని ఇవ్వాలి, ఏది ముందు చెప్పాలి, ఏ ప్రయోగం ఉంచాలి, ఏ లెక్క తీసేయాలి అన్నది మా పని. మొదటిరోజు పెద్దసారు పాఠాల పేర్లు చీటీల మీద రాసి, మడిచి, ఖాళీ సుద్దముక్కల డబ్బాలో వేసి ఊపారు. ఆయన రిటైరై ఆరేళ్ళయినా దేన్నయినా పీరియడ్లలోనే కొలుస్తారు.

"భోజనానికి ఒక పీరియడు, టీకి అర పీరియడు, మీ కబుర్లకి సున్నా," అన్నారు.

కాంతి చీటీ వచ్చినాయన్ని మేమంతా ముందునుంచే కటకాల సారు అనేవాళ్ళం. చొక్కా జేబులో ఒక భూతద్దం లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఎరగరు. విద్యుత్తు చీటీ మాలో చిన్నదైన టీచరుకు వచ్చింది. ఆ పూటనుంచి ఆమె కరెంటు టీచరు. నేను నా చీటీ విప్పి చూసి మళ్ళీ మడిచాను.

"మార్చుకుందామా అక్కా?" అంది కరెంటు టీచరు నా మొహం చూసి.

వద్దన్నాను. మార్చుకుంటే ఎందుకని ఎవరో ఒకరు అడుగుతారు.

అప్పటికి మా పెద్దవాడు పోయి ఏడు నెలలు. వాడికి పద్దెనిమిదేళ్ళు. స్కూటరు మీద కాలేజీకి వెళ్తూ, కలప అడితి మలుపు తిరగగానే, గేటులోంచి వెనక్కి వస్తున్న లారీని గుద్దుకున్నాడు. ఇది ఆ గదిలో అందరికీ తెలుసు. ఇంకొక సంగతి ఉంది. అది నాకొక్కదానికే తెలుసని అనుకుంటూ ఉండేదాన్ని.

మా చిన్నదాన్ని రోజూ వెంట తీసుకెళ్ళేదాన్ని. దానికి పదిహేనేళ్ళు. సెలవులు అయిపోతే పదో తరగతి. వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. తెల్లవారుతూనే డ్యూటీకి వెళ్తే మధ్యాహ్నం రెండు దాటాకే ఇంటికి వస్తారు. అంతసేపు దాన్ని ఇంట్లో ఒక్కదాన్నే వదలడం నా వల్ల కాలేదు. ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది. మెట్లున్నాయి. గడప దాటితే వీధి ఉంది.

"నేనేమైనా ఒకటో తరగతా అమ్మా?" అంది మొదటిరోజు, చెప్పులు వేసుకోకుండా గుమ్మంలో నిలబడి.

"అక్కడ ఫ్యాను బాగా తిరుగుతుంది."

"మన ఫ్యానూ తిరుగుతుంది."

"రా అంటే రా."

దారిలో నేను బళ్ళు పోయే వైపు నడిచేదాన్ని. దాని మణికట్టు పట్టుకునేదాన్ని. బడికి చేరాక చూస్తే అక్కడ నా వేళ్ళ గుర్తులు ఎర్రగా ఉండేవి. అది ఏమీ అనకుండా రెండో చేత్తో కప్పుకుని వెళ్ళి వెనక బెంచీలో కూర్చునేది. బాత్రూముకని లేస్తే నేనూ లేచేదాన్ని. ఒకసారి గుమ్మం దగ్గర ఆగి, "తలుపు దాకానా, లోపలికి కూడానా?" అని అడిగింది. కరెంటు టీచరు నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే తలుపు దాకా వెళ్ళాను.

వారం తిరిగేసరికి కటకాల సారు దానికో పని కల్పించారు. మేం రాసిన ప్రతి లెక్కనూ దానిచేత చేయించి, ఎంతసేపు పట్టిందో చూడటం. "మన ప్రయోగశాలలో ఒక్క ఎలుకైనా లేకపోతే ఎలా?" అన్నారు. చిన్నదానికి సరదాగానే ఉంది. చాలా రోజుల తర్వాత అది తలెత్తి మాట్లాడటం నాకూ బాగుంది. బాగున్న కొద్దీ లోపల బెదురు పెరిగేది. ఏదైనా బాగుంటే దాని వెనకే ఇంకేదో వస్తుందని అప్పట్లో నాకో నమ్మకం.

రెండో వారం ముసాయిదాలు చదువుకున్నాం. నా పద్నాలుగు పీరియడ్లూ వరసగా చదివాను. కరెంటు టీచరు కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పింది.

"అక్కా, మీ చలనంలో ఒక్క బండి కూడా లేదు."

"ఎందుకు లేదు? రైలుంది."

"రైలు స్టేషన్లో ఆగి ఉంది. బంతి ఉంది. వాలుబల్ల మీద చెక్కముక్క ఉంది. నత్త కూడా ఉంది. రోడ్డు మీద పోయేది ఒక్కటీ లేదు."

కటకాల సారు భూతద్దం తీసి ధోవతి చెంగుతో తుడవడం మొదలుపెట్టారు. పెద్దసారు గొంతు సవరించుకుని, నన్ను ఇబ్బంది పెట్టకూడదన్నట్టు కాగితంతోనే మాట్లాడారు.

"అదేం పెద్ద లోటు కాదులే. పాత స్కూటరు లెక్క ఉంది కదా, దాన్నే మళ్ళీ పెట్టేద్దాం. పన్నెండేళ్ళ బట్టి ప్రతి బడిలోనూ చేయిస్తున్నారు. అంత శుభ్రమైన లెక్క ఇంకోటి లేదు. నువ్వు రాసిందే కదమ్మా?"

నేను రాసిందే. ప్రశ్నల పుస్తకం అచ్చు వేసినప్పుడు నన్ను అడిగి రాయించుకున్నారు. గంటకు ముప్పై ఆరు కిలోమీటర్ల వేగంతో పోతున్న స్కూటరుకు బ్రేకు వేస్తే ప్రతి సెకనుకూ దాని వేగం సెకనుకు ఐదు మీటర్ల చొప్పున తగ్గుతుంది. ఎంత దూరంలో ఆగుతుంది? ఎదురుగా పన్నెండు మీటర్ల దూరంలో మూసిన గేటు కనిపించి వెంటనే బ్రేకు వేస్తే, గేటును ఢీకొంటుందా?

పెద్దసారు పాత పుస్తకం తెరిచి ఆ లెక్క చిన్నదానికి చదివి వినిపించారు. అది పెన్సిలు అందుకుని తల వంచింది. నేను వద్దని అందామనుకున్నాను. ఏమని వద్దనాలో తెలియలేదు. అర నిమిషం కూడా కాలేదు.

"పది మీటర్లు. ఢీకొనదు," అంది.

"శభాష్!" అన్నారు పెద్దసారు. కరెంటు టీచరు చప్పట్లు కొట్టింది.

మూడేళ్ళ క్రితం మా ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర, వాడూ ఇలాగే చెప్పాడు. పది మీటర్లు, ఢీకొనదు. అప్పుడు శభాష్ అన్నది నేను. నా చేతులు బల్ల కిందకి పెట్టుకున్నాను. అవి ఎవరికీ కనపడకూడదు.

నాకొక్కదానికే తెలుసనుకున్న సంగతి ఇదే. వాడు పోయిన నెలకు పోలీసులు గీసిన పటం నకలు ఇంటికి వచ్చింది. బండి ముప్పై ఆరు మీద వచ్చిందని, మలుపు నుంచి లారీ దాకా పదహారు మీటర్లని అందులో ఉంది. రోడ్డు మీద టైరు గుర్తు ఏడు మీటర్లు. భౌతికశాస్త్రం చెప్పేవాళ్ళకి అంతకంటే ఇంకేం చెప్పక్కర్లేదు. ఆ వేగానికి బ్రేకు వేశాక ఆగడానికి పది మీటర్లు కావాలి. వాడికి ఏడే మిగిలాయి. లారీని చూసిన క్షణానికీ బ్రేకు పడిన క్షణానికీ మధ్య తొమ్మిది మీటర్లు పోయాయి. నా లెక్కలో ఆ తొమ్మిది మీటర్లు లేవు. పన్నెండేళ్ళ పాటు నేను వాటిని లెక్కలోంచి తీసేసి చెప్పాను, ఎదురుగా పన్నెండు మీటర్లుంటే చాలని. వాడికి మూడు మీటర్లు తక్కువయ్యాయి. మా వంటగది పొడవు సరిగ్గా అంత. పటం వచ్చాక ఒకసారి టేపు పెట్టి కొలిచాను. ఎందుకు కొలిచానో తెలియదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక పాత లెక్క ఒక కాగితం మీద రాసి మా ఆయన ముందు పెట్టాను. ఆయన బల్ల దగ్గర యూనిఫాం చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నారు. చిన్నది స్నానానికి వెళ్ళింది. లోపల చెంబు చప్పుడు, నీళ్ళ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ నాకు ఊపిరి ఆడుతూ ఉండేది.

"ఏంటిది?"

"చదవండి ఒకసారి."

ఆయన ప్రతి మాట కిందా వేలు పెట్టి చదివారు. చదివి, సూది దారం తెంపి, పక్కన పెట్టారు.

"ఇందులో డ్రైవరు లేడు," అన్నారు.

"అంటే?"

"'వెంటనే' అని రాశావు. అంత వెంటనే ఎవరూ వేయలేరు. కన్ను చూడాలి, బుర్రకెక్కాలి, కాలు లేవాలి. ఈలోపు బండి ఆగి మన కోసం చూస్తుందా? నా బస్సయితే కాలు బ్రేకు మీద పడేలోపే తన పొడవంతా ముందుకెళ్ళిపోతుంది."

"నాకు తెలుసు. ఆ పటం వచ్చిన రోజే తెలిసింది." కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "మీకెప్పుడు తెలిసింది?"

ఆయన కాగితాన్ని తిరగేసి బోర్లా పెట్టారు.

"ముందే."

"ముందే అంటే?"

"వాడు బండి నేర్చుకుంటున్నప్పుడు. ఆ అడితి మలుపు దగ్గర మెల్లగా పోరా, లారీలు వెనక్కి వస్తుంటాయి అన్నాను. వెళ్ళి అడుగులతో కొలిచొచ్చాడు. 'మలుపు నుంచి గేటుకి పదహారు మీటర్లుంది నాన్నా, ముప్పై ఆరు మీద పోతే పదిలో ఆగుతుంది, ఇంకా ఆరు మిగుల్తాయి' అన్నాడు. అట్లా కాదురా అన్నాను. 'అమ్మ లెక్క నాన్నా, పుస్తకంలో ఉంది' అన్నాడు."

"మీరేమన్నారు?"

ఆయన గుండీని బొటనవేలితో నొక్కి చూసుకున్నారు. గట్టిగానే ఉంది. మళ్ళీ నొక్కారు.

"నవ్వాను. అమ్మ లెక్క అన్నాక ఇంక నేనేం చెప్తాను, టీచరమ్మా? నేను చదివింది ఏడో తరగతి."

చాలా నెలల తర్వాత ఆయన నన్ను టీచరమ్మా అన్నారు. పెళ్ళయిన కొత్తలో వేళాకోళానికి మొదలుపెట్టిన పిలుపది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వప్పుడు అన్నం తినడం లేదు."

లోపల నీళ్ళు ఇంకా పడుతున్నాయి. నేను గొంతు తగ్గించాను.

"చిన్నదానికి తెలియకూడదు."

"సరే. తెలియకూడదు." ఆయన చొక్కా మడతపెట్టారు. "మరి అదీ ఈ లెక్కే నేర్చుకుంటుందా?"

నీళ్ళ చప్పుడు ఆగింది. ఇద్దరం మాట్లాడటం మానేశాం.

ఆ తర్వాతి రెండు వారాలు నేను లెక్కను సరిచేయడం మీదే కూర్చున్నాను. దానికి రెండు పీరియడ్లు కావాలి. ఒక దాంట్లో పిల్లలు ఇద్దరిద్దరుగా నిలబడాలి. ఒకరు స్కేలు జారవిడుస్తారు, ఇంకొకరు వేళ్ళతో పట్టుకోవాలి. ఎన్ని సెంటీమీటర్లు జారాక పట్టుకున్నారో చూస్తే, కన్ను చూసిన ఎంతసేపటికి చెయ్యి కదిలిందో తెలుస్తుంది. ఎదురుచూస్తూ నిలబడ్డ పిల్లల చేతికే కొంతసేపు పడుతుంది. ఏమీ అనుకోకుండా పోతున్న మనిషికి సెకను దాకా పడుతుంది. రెండో పీరియడులో ఆ సెకనుకు బండి ఎంత దూరం పోతుందో కట్టి, బ్రేకు దూరానికి కలపాలి. పాఠం రాయడం కష్టం కాలేదు. దాన్ని నలుగురి ముందూ పెట్టడానికే భయపడ్డాను. ఎందుకు మారుస్తున్నావని అడుగుతారు. వెనక బెంచీలో చిన్నది ఉంటుంది. మా ఆయన్ని ఒక్కరోజు సెలవు పెట్టి దాని దగ్గర ఉండమని అడుగుదామనుకున్నాను. అడిగితే ఆ సెలవు ఎందుకో ఆయనకి అర్థమైపోతుంది. అడగలేదు.

ఐదో వారం గురువారం ముసాయిదా ఖాయం చేయాలి. పెద్దసారు తొంభై గళ్ళు గీసిన పెద్ద కాగితాన్ని బల్ల మీద పరిచారు. ప్రతి గడిలో ఒక పీరియడు. పెన్సిలుతో అన్నీ నిండిపోయి ఉన్నాయి.

"రెండు కావాలి," అన్నాను. "చలనంలో."

"ఎక్కడినుంచి తెమ్మంటావమ్మా?"

"నా కటకాల వైపు మాత్రం చూడకండి," అన్నారు కటకాల సారు, రెండు చేతులూ కాగితం మీద అడ్డం పెట్టి. "ఇప్పటికే నా కుంభాకార దర్పణాన్ని ఒక్క పీరియడుకి కుదించారు. దానికి మొహం కూడా సరిగ్గా కనపడదు."

కరెంటు టీచరు నవ్వింది. పెద్దసారు నా పాఠం చదివి కళ్ళజోడు తీశారు.

"పాఠం బాగుంది. కాదనను. కానీ చూసి కాలు కదపడం జీవశాస్త్రం వాళ్ళు చెప్పుకుంటారు. మనం గాలి అడ్డును వదిలేస్తున్నాం. చక్రం తిరగడాన్ని వదిలేస్తున్నాం. రోడ్డు ఎగుడుదిగుడులు వదిలేస్తున్నాం. వదిలేయకపోతే మన పిల్లలు ఒక్క లెక్కయినా చేయగలరా? దీన్నీ వదిలేద్దాం. ఎంతని, చిన్న విషయం."

"చిన్నది కాదు సార్."

"ఎంత పెద్దదో చెప్పు. ఒప్పుకుంటే ఇస్తాను."

ఆయన నిజంగానే అడిగారు. ముప్పై ఏళ్ళు ఆయన పిల్లల్ని అలాగే అడిగారు, ఊరికే చెప్పొద్దు, ఎంతో చెప్పు అని. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే చెప్పలేనని తెలుసు. లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి సుద్ద తీసుకున్నాను. ఒక అడ్డగీత గీశాను. ఈ చివర మలుపు, ఆ చివర లారీ అని రాశాను. మధ్యలో పదహారు అని వేశాను.

"స్కూటరు ముప్పై ఆరు మీద వచ్చింది. మన పుస్తకం ప్రకారం పదిలో ఆగాలి. ఆరు మీటర్లు మిగలాలి." లారీ వైపు నుంచి గీతను కొలిచి ఒక గుర్తు పెట్టాను. "టైరు గుర్తు ఇక్కడ మొదలైంది. ఏడు మీటర్లు. ముందున్న తొమ్మిది మీటర్లలో రోడ్డు మీద ఏ గుర్తూ లేదు."

"ఇవి ఎవరి కొలతలమ్మా?"

"పోలీసులవి."

కటకాల సారు కాగితం మీదనుంచి చేతులు తీసేశారు. పెద్దసారు కళ్ళజోడు పెట్టుకోబోయి ఆగారు. అక్కడితో ఆపేయవచ్చు. ఇంక ఎవరూ ఏమీ అడగరని నాకు తెలుసు. కానీ ఇంకో మాట మిగిలిపోయింది. దాన్ని వదిలేస్తే మళ్ళీ అదే తప్పు చేసినదాన్నవుతాను.

"వాడు ఆ చోటు ముందే కొలిచి పెట్టుకున్నాడు సార్. సరిపోతుందని వాళ్ళ నాన్నకి చెప్పాడు. పుస్తకంలో లెక్క చూసి చెప్పాడు. ఆ లెక్క నాది."

వెనక బెంచీ చప్పుడైంది. నేను సుద్దముక్క కింద పెట్టి, చేతులు తుడుచుకుని, అప్పుడు తిరిగాను. చిన్నది గుమ్మం దాటుతోంది. పరిగెత్తడం లేదు. పుస్తకాలు బల్ల మీదే ఉన్నాయి.

"నేను వెళ్ళనా అక్కా?" అంది కరెంటు టీచరు లేస్తూ.

పెద్దసారు ఎవరివైపూ చూడలేదు. రబ్బరు తీసుకుని కాగితం చివర, పునశ్చరణకి ఉంచిన నాలుగు గళ్ళలో రెంటిని మెల్లగా చెరుపుతున్నారు.

వసారా, మెట్లు, ఆట స్థలం దాటాను. నాకు పరిగెత్తే వయసు కాదు. చీర కాళ్ళకి చుట్టుకుంటోంది. గేటు దగ్గరికి వచ్చేసరికి అది రోడ్డు అంచున నిలబడి ఉంది. నాకూ దానికీ మధ్య ఇరవై అడుగులు. రోడ్డుకి అటువైపు బస్సు ఆగే చోటు. వాళ్ళ నాన్న బస్సు ఆ దారినే వస్తుంది. అక్కడికే బయలుదేరిందని అర్థమైంది.

వాడు పోయాక అది ఒక్కతే రోడ్డు అంచున నిలబడటం అదే మొదటిసారి. పేరు గొంతు దాకా వచ్చింది. పిలిస్తే తల తిప్పుతుంది. నావైపు చూస్తుంది. ఏడుస్తుందో, కోపంగా చూస్తుందో, ఎంతసేపు చూస్తుందో నేను చెప్పలేను. ఆ కాసేపు దాని కళ్ళు రోడ్డు మీద ఉండవు. గేటు ఊచ పట్టుకుని నోరు మూసుకున్నాను. ఎండకి ఊచ కాలుతోంది. వదల్లేదు.

రెండు స్కూటర్లు పోయాయి. ఒక ఆటో పోయింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. చెప్పు కొన తారు మీద ఆనింది. తర్వాత ఏమీ రాలేదు. దూరాన, ఆ వంపు దగ్గర, నీళ్ళ ట్యాంకరు ఒకటి కనిపించింది. చాలా దూరం. ఎంత వేగంగా వస్తోందో, ఎంత దూరంలో ఉందో, రోడ్డు ఎంత వెడల్పో నా బుర్ర తనంతట తనే లెక్క కట్టేసింది. దాటొచ్చు. నేనైతే ఆ పాటికి నడి రోడ్డు మీద ఉండేదాన్ని.

అది ట్యాంకరు వైపు చూసింది. డ్రైవరు కూర్చునే చోటు వైపు చూసింది. ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడింది.

ట్యాంకరు రావడానికి ఎంతసేపు పట్టిందో నేను లెక్కపెట్టలేదు. నీళ్ళు చిమ్ముకుంటూ మా ఇద్దరి ముందునుంచీ వెళ్ళింది. వెనక ఇంకేమీ లేదు. అటు చూశాను, ఇటు చూశాను. రోడ్డు పూర్తిగా ఖాళీ అయ్యాక అప్పుడు పిలిచాను.